మూయని ఇఫ్

జూన్ 3, మంగళవారం

బట్లహళ్ళి బస్సులో కిటికీ సీటు. చింతామణి వచ్చేదాకా ఏమీ ఆలోచించలేదు. ఈ మధ్య అలా కూర్చోవడం సులువైపోయింది.

డైరీల లెక్కలు చూసే మా ఆఫీసులో మంజునాథ్ సార్ పిలిచారు. కిరణ్ బెంగళూరు వెళ్తూ వదిలేసిన స్క్రిప్టుల్లో ఒకటి ఇక నాదట. పల్లెల్లో పాల డైరీల సభ్యుల పట్టీని శుభ్రం చేసే స్క్రిప్టు. హద్దు దాటి పాలు పోయని వాళ్ళ పేరు తీసేయాలి — నూట ఎనభై దినాలు, సంఘం పెట్టిన రూలు. రాసినప్పటి నుంచీ అది ఒక్కసారి కూడా చివరిదాకా నడవలేదట. ఎవరూ పట్టించుకోలేదట. ఈసారి వార్షిక సభకు ముందు ఎవరికి ఓటుందో తేలాలి.

"ఫస్ట్ తారీకు పొద్దున ఆరుకి దానంతట అదే నడవాల. మనం ఆఫీసుకొచ్చే లోపల పట్టీ రెడీ ఉండాల. ఆయ్తా రూపా? సరేనా?"

"ఆయ్తు సార్."

నడిపి చూశాను. ఫైలు అనుకోని చోట ముగిసింది అని ఒక లైను చూపించి ఆగిపోయింది. అంటే ఎక్కడో ఒక ఇఫ్, 'ఇలా అయితే' అనే షరతు, తెరిచి మూయలేదు.

మా ఊరి ఆడవాళ్ళ డైరీ కూడా ఆ పట్టీలో ఉంది. అమ్మ నంబరు నూట పద్నాలుగు. పేరు ఇంకా ఉంది. స్క్రిప్టు చెడిపోయి ఉంది కాబట్టి ఉంది.

జూన్ 4, బుధవారం

ఇఫ్‌కి బ్రాకెట్ అంటుకుని ఉంది. మధ్యలో ఖాళీ పెట్టాను. ఖాళీ లేకపోతే స్క్రిప్టును చదివి నడిపే షెల్ రెండింటినీ కలిపి ఒకటే మాట అనుకుంటుంది, అలాంటి మాట తనకు తెలియదంటుంది. ఈరోజు చేసిన పని ఒక ఖాళీ.

జూన్ 6, శుక్రవారం

ఇంటికొచ్చేసరికి చిన్నమ్మ మా ఆవును పిండి వెళ్ళిపోతోంది. క్యాను మీద గుడ్డ కప్పి, నన్ను చూసి నవ్వింది. మాట ప్రకారమే — ఆర్నెల్లు దాటింది, అమ్మకు కుడి చెయ్యి పడిపోయినప్పటి నుంచి ఆవును పిండేది చిన్నమ్మ, పాలు డైరీలో పోసుకునేది తన నంబరుకే. మేత మాది. నాయన చెయ్యి వేస్తే ఆవు తంతుంది. ఆవుకు తెలిసిన చెయ్యి అమ్మది ఒక్కటే, ఆ తర్వాత ఎలాగో చిన్నమ్మది.

ఇది రాస్తుంటే అమ్మ మంచం మీద నుంచి —

"ఏమి రాస్తాండావు మే?"

"డైరీ."

"డైరీకి పాలు పోస్తారు గానీ, డైరీ రాస్తారా? శాంతమ్మ రాస్తాది చాలదా?"

శాంతమ్మ మా ఊరి డైరీ సెక్రెటరీ. నాయన నవ్వాడు. "అది వేరే డైరీలేవే."

"ఏం వేరే? రెండింట్లోనూ దినామూ ఎవురేమి పోసినారో అదే గదా."

నేను ఏమీ పోయలేదు ఈరోజు. నిన్నా అంతే.

జూన్ 8, ఆదివారం

గూళూరు మామ ఫోన్ చేశాడు. అమ్మకు అన్న. స్పీకరు పెట్టమన్నాడు, అమ్మ వినాలని.

"ఆ సీమావును ఏమిటికి కట్టుకోనుండారు? మేత మీది, పాలు ఇంగొకరివి. చింతామణి సంతకు తోలేయండప్పా."

అమ్మ ఫోన్ వైపు చూసి, "నీ చెయ్యి బాగుండాది గదన్నా, నువ్వొచ్చి తోలుకో పో," అంది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది.

అమ్మ పేరు మీద ఉన్నది నూట పద్నాలుగు ఒక్కటే. చేను నాయన పేరు మీద. ఇల్లు ఇంకా తాత పేరు మీదే. డైరీలో సభ్యురాలు అయ్యాకే అమ్మ సంతకం నేర్చుకుంది. అంతకుముందు హెబ్బెట్టు అనేవాళ్ళు. బొటనవేలు తప్ప ఇంకేమీ రానిది అని. నేను ఐదో తరగతిలో ఉండగా నా పలకే తీసుకుని ల-క్ష్మీ-దే-వ-మ్మ అని దిద్దింది. తర్వాత డైరెక్టరైంది. డైరీ గోడ మీద పేర్ల వరసలో కింది నుంచి రెండోది.

స్క్రిప్టు బాగైతే ఆ నంబరు పోతుంది. నాకు ఇచ్చిన పని స్క్రిప్టును బాగుచేయడం.

ఇది రాసి, ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు ఆగాను. బట్టలు మడతపెట్టాను.

జూన్ 10, మంగళవారం

కిరణ్‌కి ఫోన్.

"ఏ స్క్రిప్టు? అదా! అది ఇంగా బతికే ఉండాదా?"

"ఎక్కడో ఇఫ్ మూయలేదు నువ్వు."

"ఇఫ్‌ని తిరగేసి రాస్తే ఫి, అదే మూత. ఆరోజు ఏదో ఫోన్ వచ్చింటాది, లేచిపోయింటా. వెతుకు, యాడో ఒక చోట లేకుండా ఉంటాది."

లేనిదాన్ని వెతకడం.

జూన్ 11, బుధవారం

ప్రింటు తీసి పెన్సిల్‌తో గీతలు గీశాను. తెరిచిన ప్రతి ఇఫ్ నుంచి దాని ఫి దాకా ఒక గీత. మూడు ఇఫ్‌లు, రెండు ఫిలు. మధ్యలో ఉన్న ఇఫ్‌కి మూత లేదు. నేరుగా ఫైలు చివర ఒక ఫి పెడితే షెల్ ఊరుకుంటుంది, తప్పు చూపించదు. కానీ అప్పుడు ఆ ఇఫ్ కిందికి మిగిలిన పనంతా చేరిపోతుంది. ఎక్కడ మూయాలో అది చెప్పదు. మూయలేదని మాత్రమే చెబుతుంది.

చోటు దొరికింది. మూశాను. మా ఊరి పట్టీ నకలు మీద నడిపాను.

అందరి పేర్లూ పోయాయి. ఈరోజు పొద్దున పాలు పోసిన వాళ్ళవి కూడా. శాంతమ్మది కూడా. మిగిలింది ముగ్గురు. ముగ్గురిలో ఒకరు అమ్మ.

చాలాసేపు తెర చూస్తూ కూర్చున్నాను. పక్క టేబుల్ ఆశ "ఏమే, నవ్వుతాండావు?" అంది. నవ్వుతున్నానని నాకు తెలియదు.

జూన్ 12, గురువారం

ఫోల్డర్లో 180 అనే పేరుతో ఒక ఫైలు. లోపల ఏమీ లేదు. నేను పెట్టలేదు.

భోజనం తర్వాత అర్థమైంది. కిరణ్ "కంటే ఎక్కువ" అని బడిలో నేర్చుకున్న గుర్తు పెట్టాడు, బాణం మొనలాంటిది. షెల్‌కి ఆ గుర్తు పోలిక కాదు, దారి. "ఇక్కడ వచ్చింది తీసుకెళ్ళి 180 అనే ఫైల్లో పోయి" అని అర్థం. అది చెప్పింది చేసింది. ఖాళీ ఫైలు పుట్టింది, షరతు ఆ ముగ్గురికి తప్ప అందరికీ నిజమైంది, వాళ్ళ పేర్లన్నీ పోయాయి. తప్పు అని ఒక్క మాట అనలేదు.

గుర్తు తీసేసి -gt అని అక్షరాలు పెట్టాను, షెల్‌కి అదే "కంటే ఎక్కువ". మళ్ళీ నడిపాను. ఇప్పుడు పోవాల్సిన వాళ్ళే పోతున్నారు. ఆవు అమ్మేసిన వాళ్ళు, ఊరు విడిచిన వాళ్ళు.

ఆ ముగ్గురి దగ్గర మాత్రం ప్రతిసారీ తప్పు. పోల్చడానికి ఒక పక్క ఏమీ లేదంటుంది. ఆ లైను వదిలేసి ముందుకు పోతుంది.

అమ్మ గడి ఖాళీ. డైరీలో పాలు కొలిచి తేదీ రాసుకునే కొత్త మిషన్ పెట్టింది ఆమె పడిపోయిన తర్వాత వారంలో. ఆ మిషన్ అమ్మను ఎప్పుడూ చూడలేదు. చివరిసారి పోసిన తేదీ లేదు, ఎన్ని దినాలైందో లెక్క లేదు. తప్పు వచ్చిన చోట అమ్మ మిగులుతోంది.

సార్‌కి ఇంకా చూపించలేదు.

జూన్ 13, శుక్రవారం

వాన. బస్సు ఆలస్యం. ఎవరో మామిడికాయల గంప నా కాళ్ళ మీద పెట్టి దిగేదాకా తీయలేదు. నేనూ అడగలేదు.

జూన్ 14, శనివారం

సెలవు పెట్టి అమ్మతో చిక్కబళ్ళాపురం. ఫిజియోథెరపీ. డాక్టరమ్మ వేళ్ళు ఒక్కొక్కటిగా వంచుతూ, గుండుసూదితో తాకుతూ —

"తెలుస్తుందామ్మా?"

"లేదు తల్లీ."

"ఇక్కడ?"

"మీరు ఎవురిదో చెయ్యి గుచ్చుతాండారు."

డాక్టరమ్మ నవ్వి రాసుకుంది. నన్ను అడగలేదు. అడిగితే నేనూ అదే చెప్పేదాన్ని.

జూన్ 15, ఆదివారం

అమ్మకు తల దువ్వుతూ అడిగాను. ఆర్నెల్లు పాలు పోయకపోతే పేరు తీసేయాలని రూలుందా, ఎప్పుడు పెట్టారు అని.

"ఉండాది. నేనే చెయ్యెత్తినా."

"నువ్వా?"

"ఇంగెవురు? ఆవు అమ్మేసినోళ్ళు, కోడలు చేతికి ఇచ్చేసి ఊరెల్లినోళ్ళు, సభ దినం మాత్రం పట్టుచీర కట్టుకోని వచ్చి ముందర కుర్చీల్లో. మిఠాయి పొట్లం వాళ్ళకే, ఓటు వాళ్ళకే. చలిలో లేచి పేడ ఎత్తేది ఇంగొకరు. నేను లేచి నిలబడి అడిగినా — పోయనోళ్ళకి మాటేమిటికి? అని. అందరూ గమ్మున ఉండారు. శాంతమ్మ ఎవరు ఒప్పుకుంటారు, చెయ్యెత్తండి అనె. మొదట ఎత్తింది ఈ చెయ్యే."

ఒళ్ళో ఉన్న కుడి చెయ్యిని ఎడమ చేత్తో ఎత్తి చూపించింది. వదిలేస్తే పడిపోయింది.

"ఏమిటికి అడుగుతాండావు?"

"ఊరికే."

జడ వేయడం పూర్తిచేశాను. చివర రిబ్బను ముడి సరిగ్గా రాలేదు. విప్పి మళ్ళీ వేశాను.

జూన్ 17, మంగళవారం

ఆశ టీకి వెళ్ళింది. రెండు లైన్లు రాశాను. నంబరు నూట పద్నాలుగు అయితే, వదిలేయి. అంతే.

మొదటిసారికే నడిచింది. ఖాళీలు సరిగ్గా ఉన్నాయి, దెన్ ఉంది, మూత ఉంది. రెండు వారాల్లో నేను రాసిన వాటిలో ఒక్క తప్పూ లేకుండా నడిచినవి ఇవే.

తీసేశాను. సిగ్గనిపించి కాదు. సిగ్గు వస్తుందని చూశాను, రాలేదు. తీసేశాను, అంతే. ఆశ నాకూ టీ తెచ్చింది.

జూన్ 19, గురువారం

స్క్రిప్టు నడిచినప్పుడు రాసిపెట్టే లాగ్‌ను సార్ చూశారు.

"ఇవేమి? మూడు తప్పులు ఇంకా కనిపిస్తున్నాయే."

"ఆ ముగ్గురి గడీ ఖాళీ సార్. తేదీ లేదు."

"ఖాళీ అంటే పోయలేదని. హద్దు దాటినట్టే. అట్లే రాయి."

"ఖాళీ అంటే తెలియదని కూడా కదా సార్. కొందరు జబ్బుతో..."

సార్ మంచివాళ్ళు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నోడు రూపా, ఇట్లా చూడు. మిషన్‌కి జబ్బు తెలుసా? రూలు సంఘానిది. మనం రాసేవాళ్ళం. మనకు తోచినట్టు కరుణ చూపిస్తే, ఇంకొకడు తనకు తోచినట్టు కోపం చూపిస్తాడు. ఆ ఊరు యాడిది?"

"మా ఊరే సార్."

"ఓ. తెలిసినవాళ్ళా?"

"అందరూ తెలిసినవాళ్ళే సార్."

ఆయన ఇంకేదో అడగబోయి ఫోన్ వస్తే లేచిపోయారు. ఒకరు మా అమ్మ అని చెప్పగలిగేదాన్నే. నోరు తెరిచాను కూడా అనుకుంటా.

జూన్ 20, శుక్రవారం

ఖాళీ అయితే — అని ఒక షరతు. దానికి వేరే గుర్తుంది, -z. రాశాను. మళ్ళీ బ్రాకెట్ దగ్గర ఖాళీ మరిచాను. మొదట్లో నేను సరిచేసిన కిరణ్ తప్పే. సరిచేశాను.

నడిపాను. నూట పద్నాలుగు, లక్ష్మీదేవమ్మ, తీసివేత.

ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ పేరు చాలా పొడుగ్గా ఉంది. గడిలో పట్టక చివర తెగిపోయింది.

జూన్ 22, ఆదివారం

చెప్పాను. అన్నం పెట్టేటప్పుడు కాదు, తిన్నాక. అమ్మ ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తినడం ఇప్పుడు కొంచెం వచ్చింది, మధ్యలో ఆపాలనిపించలేదు.

మొత్తం విన్నది.

"సరిగ్గా రాసినావా?"

"రాసినా."

"నాకని వేరే మాట పెట్టలేదు గదా?"

"పెట్టి తీసేసినా."

నా వైపు చూసింది. ఆ చూపుకు అర్థం వెతకలేదు.

"చిన్నమ్మను అడుగుతానుమా. ఒగే ఒగ పూట నీ నంబరు చెప్పి పోయమంటా. ఒక తేదీ పడితే చాలు."

"ఆమె పిండిన పాలు నా నంబరుకా? దొంగ పాలు అంటారు దాన్ని. ఇంగొకరి పాలు తెచ్చి తమ నంబరుకు పోసినోళ్ళని నేనే క్యాను ఎత్తి వాపసు పంపించినా. శాంతమ్మను అడుగు. మునెమ్మ నాతో ఇప్పటికీ మాట్లాడదు."

"మరేం చేస్తావు?"

"నేనేం చేస్తాను? చెయ్యి లేస్తే పిండుతా. లేయకుంటే పేరు పోతాది."

నాయన బయట మేత కోస్తున్న చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

జూన్ 23, సోమవారం

ఊరికి ఎలా తెలుస్తుందో. సాయంత్రం చిన్నమ్మ కొట్టంలో నుంచే గట్టిగా —

"అక్కా! నీ కూతురు కంప్యూటరు చదివి మొదట నీ పేరే కొట్టేసిందంటనే?"

అమ్మ మంచం మీద నుంచి ఇంకా గట్టిగా, "నా కూతురు కొట్టింది గాబట్టి సరిగ్గా ఉంటాది! నువ్వు పోసే పాలల్లో నీళ్ళెన్నో అదీ చూడమంటా, ఉండు."

"పోక్కా! నీళ్ళు పోసే మొగమా ఇది?"

"మొగం బాగానే ఉండాది, ఫ్యాటే తక్కువ వస్తాండాదంట."

చిన్నమ్మ నవ్వుతోంది, అమ్మ నవ్వుతోంది. నేను తలుపు దగ్గర బ్యాగు దించకుండా నిలబడ్డాను. నా మీద విసిరిన మాట అది. తగిలిందో లేదో తెలియలేదు.

జూన్ 25, బుధవారం

పిండడం నేర్పమన్నాను.

చిన్నమ్మ చెంబు నా చేతిలో పెట్టింది. "దా అమ్మణ్ణి. ఇది మౌసు కాదు మళ్ళ."

నాకు పాతికేళ్ళు. ఈ ఇంట్లో పుట్టి ఆవు పొదుగు తాకలేదు. కొట్టం వైపు వస్తే అమ్మ తరిమేది — నీకేమిటికి ఈ పేడ చేతులు, పుస్తకం పట్టుకో పో. పట్టుకున్నాను.

వేడినీళ్ళతో పొదుగు కడిగాను. వేళ్ళకు ఆముదం. చన్ను పట్టుకుని లాగాను. ఆవు ఒక్క తన్ను. చెంబు గోడకు తగిలి సొట్ట.

లోపల్నుంచి అమ్మ: "లాగొద్దు మే! లాగితే తన్నదా? అదేమి కుళాయా?"

జూన్ 26, గురువారం

ఈరోజు తన్నలేదు. తోక విసిరింది, అంతే. కానీ సేపలేదు. పాలు పొదుగులోకి దించలేదు. మూడు బొట్లు. చిన్నమ్మ కూర్చుంటే అదే ఆవు ధారగా ఇచ్చింది.

"దానికి నువ్వెవురో తెల్దు," అంది చిన్నమ్మ. ఈసారి నవ్వకుండా అంది.

జూన్ 27, శుక్రవారం

వేళ్ళు వంగడం లేదు. బ్రాకెట్ మీట నొక్కితే బొటనవేలి కింద నొప్పి. ఆఫీసులో సగం పని ఎడమ చేత్తో.

ఆశ అడిగింది, ఏమైందని. ఆవు, అన్నాను. నమ్మలేదు.

జూన్ 28, శనివారం

సార్ పక్కన కూర్చుని చివరిసారి నడిపాం. నడిచింది. తెర మీద ఏమీ రాలేదు. అన్నీ సరిగ్గా ఉంటే షెల్ ఒక్క మాటా అనదు. మళ్ళీ ఖాళీ లైను, మెరిసే గీత.

"చెన్నాగిదె, బాగా వచ్చింది," అన్నారు సార్. ఫస్ట్ తారీకు ఆరు గంటలకు పెట్టేశారు. ఇక నేను ముట్టుకునేది లేదు.

బస్టాండులో టమాటా బండ్ల వెనక నిలబడి ఒక జామకాయ తిన్నాను. ఉప్పుకారం ఎక్కువైంది. పూర్తిగా తిన్నాను.

జూన్ 29, ఆదివారం

నాయన అమ్మను చంక కింద పట్టుకుని, నేను ఇంకోవైపు పట్టుకుని, కొట్టం దాకా. పడిపోయిన తర్వాత ఇదే మొదటిసారి. ప్లాస్టిక్ కుర్చీ వేశాం. ఆవు మెడ తిప్పి చూసింది. మేత నమలడం ఆపింది.

"ఏమే," అంది అమ్మ. దాంతో, నాతో కాదు. "బాగా మేపుతాండారా నిన్ను? యాడ, ఎముకలు కనిపిస్తాండాయే. మాకేమిలే, ఒకరి చెయ్యి లేదు, ఒకరికి చేత కాదు."

ఎడమ చెయ్యి చాచి ఆవు పక్కటెముకల మీద పెట్టింది. అలా మాట్లాడుతూనే ఉంది. వానల గురించి, మామ గురించి, మునెమ్మ గురించి. ఎవరితోనూ ఇంతసేపు మాట్లాడలేదు ఈ నెలల్లో.

"ఇప్పుడు పట్టు. బొటనేలు లోపలికి మడవాకు. పైన మూసి, ఒగొగ వేలే కిందికి. పిడికిలి మూస్తావు గదా, అంతే. లాగేది కాదు, మూసేది."

మూశాను. సన్నటి ధార. చెంబు అడుగున చప్పుడు.

"సేపింది," అన్నాడు నాయన మెల్లగా.

నా వేళ్ళు తట్టుకోలేకపోయాయి, సగంలో చిన్నమ్మ కూర్చుంది. ఆమె నంబరుకే పోసింది. అందులో నావి ఎన్నో తెలియదు.

జూన్ 30, సోమవారం

మధ్యాహ్నం నుంచి సెలవు అడిగి వచ్చేశాను. చిన్నమ్మకు నాయనే చెప్పాడట, ఈ పూట రావద్దని. ఆమె అరుగు మీద కూర్చుని చూస్తూ ఉంది. లేచి రాలేదు.

అమ్మ కుర్చీలో. నేను పీట మీద. మధ్యలో రెండుసార్లు ఆపి చేతులు విదిలించుకున్నాను. ఆవు ఓర్చుకుంది. చివరికి క్యానులో సగం కంటే కొంచెం తక్కువ. నురగ. వెచ్చగా ఉంది, క్యాను పట్టుకుంటే తెలిసింది.

"తీసుకోని పోతానుమా," అన్నాను. "నూట పద్నాలుగు."

"ఆగు. ఎవురు పిండింది?"

"నేను."

"అయితే నీ పాలు. నా నంబరుకు ఎట్ల పోస్తావు?"

"ఆవు నీది."

"ఆవు నాదే. చెయ్యి నాది కాదు గదా."

"నువ్వు పిలిస్తేనే గదా సేపింది!"

"పిలిచేదానికి నంబరు ఇస్తారా? పిండినోళ్ళ నంబరుకే పోయల్ల. నేను మునెమ్మకు చెప్పిన మాట నాకు లేదా?"

"నాకు నంబరు లేదుమా!" అరిచాను అనుకుంటా. ఆవు కదిలింది. "రేపు ఆరుకు నీ పేరు పోతాది. నేనే రాసినా. నేను రాసింది తప్పులేకుండా నడుస్తాది. తెలుసా నీకు?"

అమ్మ కింద చూస్తోంది, నా చేతుల వైపు. వేళ్ళు వాచి ఉన్నాయి. అలా చూసి, "ఆముదం రాసుకో," అంది.

నాయన అప్పటిదాకా తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తాడు గూటానికి చుట్టాడు. క్యాను మూత పెట్టాడు. ఎత్తుకున్నాడు.

"యాడికి?" అంది అమ్మ.

"డైరీకి."

"అది ఆడోళ్ళ వరస. నువ్వు యాడ నిలబడతావు?"

"చివర."

"ఏ నంబరు చెప్తావు?"

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అరుగు మీద నుంచి చిన్నమ్మ ఏదో అడిగింది, నడక ఆపలేదు. వీధి మలుపు దాకా కనిపించాడు, క్యాను ఉన్న భుజం కొంచెం వంగి.

అమ్మను లోపలికి తీసుకురావడం ఒక్కదాని వల్ల కాలేదు. అక్కడే కూర్చున్నాం, ఆవు, అమ్మ, నేను. డైరీ మైకు వినిపిస్తోంది, ఒక్కొక్కరి పాల ఫ్యాటు, డిగ్రీ చదువుతున్నారు. మా ఇంటిదాకా మాటలు రావు, చప్పుడే వస్తుంది.

వచ్చాడు. క్యాను కడిగి గోడ మీద బోర్లించాడు. కాళ్ళు కడుక్కున్నాడు. అమ్మను పట్టుకుని లోపలికి తెచ్చాం. అమ్మ అడుగుతుందనుకున్నాను. అడగలేదు. నేను అడుగుదామనుకున్నాను. నా ఫోన్లోనే చూడొచ్చు, పాస్‌వర్డ్ తెలుసు, ఆ గడిలో ఈ సాయంత్రం తేదీ ఉందో ఖాళీయో. ఫోన్ తీసి మళ్ళీ గూట్లో పెట్టాను.

నాయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. జేబులో డైరీ చీటీ అంచు తెల్లగా బయటికి ఉంది, ఫ్యాను గాలికి కదులుతోంది. నంబరు లోపలి మడతలో ఉంటుంది.

అటు చూడకుండా ముగ్గురం అన్నం తిన్నాం.